నోరు లేని బొమ్మకి పళ్ళు పెట్టినారు

నా బతుకులో చూసిన సినిమాలు తక్కువ. వాటిలో రెండుసార్లు చూసింది ఒకటే, అదీ అన్నిటికన్నా చెత్తది. దాని పేరు చెప్పినా ఇప్పుడెవరికీ తెలీదు. తీసినవాళ్ళకైనా గుర్తుందో లేదో. ఒక గుడ్డబొమ్మ లేచి మనుషుల్ని చంపుతుంది, అదే కథ. ఎందుకు చంపుతుందో బొమ్మకీ తెలీదు, చచ్చేవాళ్ళకీ తెలీదు. ఆ బొమ్మ మా ఇంటిది. చచ్చినవాళ్ళలో ఒకడు మా మావ. అందుకే నాకింత గుర్తు.

మాది బారువకి పక్క ఊరు. ఇంటి వెనక కొబ్బరి తోట, అది దాటితే జీడి తోట, అదీ దాటితే ఇసక, ఆ తర్వాత సముద్రం. అరవై ఏడో, అరవై ఎనిమిదో అయ్యుండాలి, నా పెద్దకొడుకు అప్పుడే గోడ పట్టుకుని అడుగులు వేస్తున్నాడు.

మా వైపు ఖాళీ ఉయ్యాల ఊపరు. పురుడు నాడు బిడ్డని వేసేముందు ఉయ్యాల్లో ఇంకేదైనా పెట్టి ఊపుతారు. కొన్ని ఊళ్ళల్లో రుబ్బురోలు పొత్రానికి గుడ్డ చుట్టి పెడతారు. మా ఊళ్ళో బొమ్మని పెట్టేవారు. ఇంట్లో పెద్దామె కట్టి కట్టి చివికిపోయిన చీర ముక్క తీసుకుని, లోపల కొబ్బరి పీచు కూరి కుట్టిన బొమ్మ. బిడ్డకి తగలాల్సిన దిష్టంతా ఆ బొమ్మ తినాలి. బిడ్డ నడక నేర్చేదాకా ఉయ్యాలకే వేలాడుతూ తింటుంది, నడిచాక దాన్ని తీసుకెళ్ళి సముద్రంలో వదిలేస్తారు. అక్కడితో దాని పని అయిపోయింది.

మా ఊళ్ళో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆ బొమ్మ మా అత్త చేతిదే. చెయ్యి తిరిగిన పనేమీ కాదు అది. చేతులంటే రెండు ముళ్ళు, కాళ్ళంటే ఇంకో రెండు ముళ్ళు. ఒక కన్ను నల్లదారంతో కుట్టేది. రెండో కన్ను మాత్రం ఆ ఇంటి పెద్దాయన చొక్కా గుండీ, దారంతో సహా తెంపి పెట్టేది. ఇంటాయన కన్ను బిడ్డ మీద ఉండాలట. నోరు కుట్టేది కాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు నోరు మర్చిపోయారత్తా అన్నాను.

"నోరుంటే తిన్నది దాసుకుంటాదేటి, కక్కెయ్యదూ," అంది.

నా కొడుకు బొమ్మకి పెట్టిన గుండీ గురించి చెప్పాలి. మా మావకి ఒక పాత మిలట్రీ కోటుండేది, కాశీబుగ్గలో ఎవరో అమ్ముతుంటే కొన్నాడు. మా ఇంట్లో ఎవరూ మిలట్రీ గుమ్మం తొక్కలేదు. అయినా ఆ కోటు వేసుకుని ఎండాకాలంలో కూడా చెమటలు కార్చుకుంటూ తోటలో తిరిగేవాడు, కొబ్బరి చెట్లు లేచి సలాం కొడతాయన్నట్టు. దాని మీద రూపాయి బిళ్ళంత ఇత్తడి గుండీలు వరసగా ఉండేవి. పైగుండీ ఊడబీకి మా అత్త నా కొడుకు బొమ్మకి కన్ను పెట్టింది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు గాని మనవడి కోసం కదా అని ఊరుకున్నాడు.

నా కొడుకు నడిచాడు. సోమవారం నాడు బొమ్మని సముద్రంలో వదులుదామని మా అత్త దాన్ని ఉయ్యాల నుంచి విప్పి వీధరుగు మీద మేకుకి తగిలించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సినిమావాళ్ళు దిగారు.

సినిమావాళ్ళంటే ఏదో అనుకునేరు. ఒక డొక్కు వ్యాను, పది పన్నెండు మంది, ఒక కెమెరా. దానికి ఒకడు గొడుగు పట్టేవాడు. హీరోయిన్‌కి పట్టేవాడు మాత్రం ఎవడూ లేడు పాపం. బారువలో పాత ఓడరేవు నాటి గోడౌన్లు కూలిపోయి ఉండేవి కదా, అవి వాళ్ళకి దెయ్యాల కోటలాగా కనపడ్డాయట. డబ్బుల్లేనివాడికి కూలిన గోడ ఏదైనా కోటే. డైరెక్టరనేవాడు నల్లకళ్ళజోడు పెట్టుకుని మబ్బు పట్టిన రోజు కూడా తీసేవాడు కాదు. మద్రాసు నుంచి ఒక ప్లాస్టిక్ బొమ్మని తెచ్చుకున్నారట చంపే వేషానికి. దాన్ని వ్యాను అద్దం దగ్గర ఎండలో వదిలేస్తే ముక్కు కరిగి మూతి మీదకి జారిపోయింది. సినిమా మొత్తం బొమ్మ గురించి తీస్తూ, ఆ బొమ్మని నీడలో పెట్టే తెలివి లేదు వాళ్ళకి.

కొబ్బరి బొండాల కోసం మా తోటకి వచ్చి, వీధరుగు మీద మేకుకి వేలాడుతున్న బొమ్మని చూశారు. పక్కనే కోటు వేసుకుని కూర్చున్న మా మావనీ చూశారు. నల్లకళ్ళజోడాయనకి ఇద్దరూ నచ్చేశారు. ఆ సమయానికి మా అత్తా నేనూ జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళాం. మేము తట్టలెత్తుకుని వచ్చేసరికి మేకు ఖాళీ, అరుగూ ఖాళీ. సాయంత్రం మావ ఒక్కడే వచ్చాడు, ఒళ్ళంతా ఇసకతో, ముఖమంతా నవ్వుతో. నైట్ వాచ్‌మన్ వేషం ఇచ్చారట. బొమ్మ ఆయన్ని చంపుతుందట. ఇసకలో పడి చచ్చిపోయాడట. చచ్చిపోవడం బాగా వచ్చిందని డైరెక్టర్ మెచ్చుకున్నాడట. బొమ్మ ఏదని మా అత్త అడిగితే, రేపు పొద్దున్న ఇచ్చేస్తారన్నాడు.

ఆ పూట మా అత్త ఆయన కంచంలో అన్నం పెట్టింది, పులుసు మాత్రం పొయ్యలేదు. చచ్చినోడికి పులుసెందుకు అని నాతో మెల్లగా అంది.

పొద్దున్నే వెళ్ళి చూస్తే వ్యానూ లేదు, బొమ్మా లేదు. చెప్పకుండా వెళ్ళిపోయారు. మా అత్త అదే చీర నుంచి ఇంకో పేలిక చించి, ముడేసి, సోమవారం నా కొడుకుని చంకనేసుకెళ్ళి అలల్లో వదిలింది. చీర అదే కదా, సముద్రం ఏం అడుగుతుందిలే అనుకున్నాం. అక్కడితో పోయిందనే అనుకున్నాం.

మరుసటేడు ఆ సినిమా పలాస వచ్చింది. మా మావ ఊరంతా తిరిగి చెప్పాడు. బారువ స్టేషన్లో పాసింజరెక్కి మా వీధి ఆడవాళ్ళంతా మేట్నీకి వెళ్ళాం. కోటు వేసుకుని మావ ముందు నడిచాడు, పెళ్ళికొడుకు కూడా అలా నడవడు.

ఏం సినిమా అది. నేను చదువుకున్నదాన్ని కాదు, రెండో క్లాసు దగ్గరే ఆపేశారు. అయినా నాకు తెలిసిన సంగతి వాళ్ళకి తెలీలేదు. బొమ్మ కొడవలి పట్టుకుని వస్తుంది. దాని చేతికి వేళ్ళే లేవు, ముడి అది, కొడవలి ఎట్టా పడుతుంది? పట్టలేదు కాబట్టి కొడవలిని ముడికి వేసి కట్టారు, ఆ కట్టిన తాడు మా ఊళ్ళో వలలు అల్లే తాడు, నాకు బెంచీ మీంచే కనిపిస్తుంది. బొమ్మ గెంతుతూ వస్తుంటే పైన తాళ్ళు కనపడతాయి. ఒకచోట తెర మూల నుంచి ఒక చెయ్యి దాన్ని ముందుకి తోస్తుంది, ఆ చేతికి గడియారం కూడా ఉంది. బొమ్మ అంటే బొమ్మ, ఆ చెయ్యి కూడా దెయ్యందేనా మరి? హీరోయిన్ అరుస్తుంది. అరిచి, ఆగి, జుట్టు సర్దుకుని, మళ్ళీ అరుస్తుంది.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండింది ఇంకోటి. మా అత్త కుట్టని నోరుని వాళ్ళు పెట్టారు. ఏదో నల్లరంగుతో పెద్ద నోరు గీసి, లోపల తెల్లటి పళ్ళు దిద్దారు. అలా పళ్ళికిలిస్తున్న మా బొమ్మని తెర నిండా చూపించారు. మా మావ ఇత్తడి గుండీ ఒక కన్నుగా మెరుస్తూనే ఉంది.

ఆ పళ్ళు చూశాక హాల్లో మా వీధి ఆడవాళ్ళకి ఇంకేదీ కనపడలేదు. మావ ఇసకలో చచ్చి పడితే నలుగురు కళ్ళొత్తుకున్నారు. ఆయన పక్క బెంచీ మీదే కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. అయినా ఏడ్చారు.

రైలు దిగి ఊళ్ళోకి వచ్చాక మొదలైంది. ఎదురింటి ముసలామె లెక్క తేల్చింది: ఆ బొమ్మ ఏడాది పొడుగునా దిష్టి తింది, దానికి నోరు లేదు గనక లోపలే ఉంది, సముద్రంలో ఒగ్గకముందే దానికి నోరు పెట్టేశారు, ఇక తిన్నదంతా బయటికొచ్చింది. సినిమాలో చంపింది ఉత్తిదేనని ఎవరైనా చెబితే, మరి బొమ్మ ఉత్తిదా, మీ ఇంటిది కాదా అని అడిగేవారు. దానికేం చెప్తాం? బొమ్మ నిజమే కదా. మద్రాసు ప్లాస్టిక్ బొమ్మయితే నవ్వుకుని మర్చిపోయేవారు. దాన్ని ఎండలో కరిగించుకున్న వెధవల వల్ల మాకొచ్చింది ఈ గొడవ.

ఆ వారంలో ఉయ్యాలలకున్న బొమ్మలు విప్పేశారు. కొందరు ఇసకలో పాతిపెట్టారు. ఒకామె అయితే మా అత్త ముందే పొయ్యిలో పెట్టింది. మా మావ దగ్గితే, బొమ్మ దెబ్బ అన్నారు. వేరుశెనక్కాయలు అంతలా తింటే దగ్గు రాదా? మొగుడి శవాన్ని తెర మీద చూసింది కాబట్టి మా అత్త తలస్నానం చెయ్యాలని కూడా ఒకరిద్దరు అన్నారు. ఆవిడ అందరి మాటా విని, మధ్యాహ్నం అన్నం వండేసి, ఆయనకి దండిగా పులుసు పోసి, వీధి వైపు తలుపు తెరిచి పెట్టేది, చచ్చినోడు తింటున్నాడని అందరూ చూసేలాగా.

ఊళ్ళో వాళ్ళ వెర్రిని మేము నవ్వి ఊరుకునేవాళ్ళమే. కానీ అది టెక్కలి దాకా పోయింది.

మా ఆడపడుచుని, అంటే మా అత్త ఒక్కగానొక్క కూతుర్ని, టెక్కలిలో ఇచ్చాం. అల్లుడు తాలూకాఫీసులో గుమస్తా. అప్పుడామెకి మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి, అది అందరికీ తెలిసిందే. ఏడో నెలలో మా అత్త చలిమిడి చేసి బుట్టలో పెట్టి, గుడ్డ చుట్టి, మావనీ నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కింది, కూతుర్ని తీసుకురావడానికి. నా కొడుకుని మా ఆయన దగ్గర వదిలాం. దారంతా ఆ బుట్ట ఒళ్ళోంచి దింపలేదు. కూతురు పుట్టిన దగ్గర్నుంచీ ఈ బస్సు ప్రయాణం కోసమే బతికినట్టుంది ఆవిడ.

టెక్కలిలో మా వియ్యపురాలు మమ్మల్ని కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, కాఫీ ఇచ్చింది. చలిమిడి బుట్ట మాత్రం ముట్టుకోలేదు. అదక్కడే గుమ్మం పక్కన గుడ్డ విప్పకుండా ఉండిపోయింది. మా ఆడపడుచు వంటింటి గడప దగ్గర నిలబడి బుట్టనే చూస్తోంది. ఇటు రమ్మని తల్లీ పిలవలేదు, ఆమె అత్తా పిలవలేదు.

చివరికి వియ్యపురాలు గొంతు సవరించుకుంది. ఆవిడ మెత్తగానే మాట్లాడుతుంది, కానీ మెత్తగా అన్న మాట ఇంకా గుచ్చుకుంటుంది.

"ఏమనుకోకండి వదినా. మీ ఇంటి బొమ్మ మనుషుల్ని చంపిందని ఊరంతా అంటున్నారు. అన్నయ్యగార్నే చంపిందట. ఆ ఇంటికి పిల్లని పురిటికి ఎట్టా పంపమంటారు? కాన్పు ఇక్కడే చేయిస్తాం. పిల్ల పుట్టాక మీరే వచ్చి చూసుకోండి."

అన్నయ్యగారు అక్కడే కూర్చుని రెండో గ్లాసు కాఫీ తాగుతున్నారు. చంపబడిన మనిషికి పంచదార సరిపోలేదట, ఇంకొంచెం అడిగాడు. ఆయన్ని చూస్తే నాకే చంపాలనిపించింది.

మా అత్త ముఖం చూశాను. నేనా ఇంటికి వచ్చాక ఆవిడ ఏడవడం చూడలేదు. ఇప్పుడు ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. అడిగింది.

"సినిమా మీరు సూసినారా వదినా?"

చూడలేదు, చూడక్కర్లేదు, చూసినవాళ్ళు చెప్పారంది ఆవిడ. ఇక్కడ హాల్లో ఆడుతోంది కదా అని మా అత్త అంది. బస్సు దిగి వస్తూ గోడ మీద కాగితం చూశాం, పళ్ళికిలించిన మా బొమ్మది.

"అయితే ఇవాళ మేట్నీకి నాతో రండి. సూసొచ్చినాక కూడా ఇదే మాటంటే, ఆ బుట్ట నానే ఎత్తుకుని ఎల్లిపోతాను. మీ ఇంటి గుమ్మంలో మారు మాటాడను."

సినిమా అంటే వియ్యపురాలికి లోపల ఆశే. గుమస్తా ఇల్లు కదా, ఊరికే వెళ్తే నలుగురూ అనుకుంటారని మానుకుంటుంది. ఇప్పుడు సాకు దొరికింది. జడ వేసుకుని, పౌడరద్దుకుని బయల్దేరింది. కడుపుతో ఉన్నదాన్ని ఇంట్లో వదిలి మేము నలుగురం వెళ్ళాం. మావ మగవాళ్ళ వైపు కూర్చున్నాడు, మేము ముగ్గురం ఆడవాళ్ళ వైపు.

మళ్ళీ అదే చెత్త. మళ్ళీ అదే హీరోయిన్, అదే జుట్టు. బొమ్మ మొదటిసారి పళ్ళు చూపించినప్పుడు వియ్యపురాలు మా అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ మనిషి కూడా మా వీధి వాళ్ళలాగే, ఇక పిల్లని పంపదు అనుకున్నాను. మా అత్త రెండో చెయ్యి ఒళ్ళో ఉంది, అది కొంగు చివర నలుపుతోంది.

ఆ తర్వాత మా మావ చావు వచ్చింది. ఇసకలో వెల్లకిలా పడి ఉన్నాడు, కోటు విప్పారింది, ఒక కాలు చాచాడు, ఒకటి ముడిచాడు. బొమ్మ ఆయన పక్కన నిలబడి ఉంది, అంటే ఎవరో నిలబెట్టారు. ఏడుపు సంగీతం. అప్పుడు ఇసకలోంచి ఒక పీత వచ్చింది. పలాసలో మా వాళ్ళంతా బొమ్మనే చూస్తూ ఉండిపోయారు, నేనూ పీతని చూడలేదు. పీత మెల్లగా చాచిన కాలి దగ్గరికి వచ్చింది. శవం కన్ను తెరిచి చూసింది. కాలు కొంచెం జరిపింది. పీత కూడా జరిగింది. శవం టక్కున కాలు పైకి ముడిచేసుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అది కోసెయ్యకుండా అలాగే ఉంచేశారు. మళ్ళీ తియ్యడానికి వాళ్ళ దగ్గర ఫిల్ము లేదని తర్వాత మావే చెప్పాడు. అంత గొప్ప డైరెక్టరు.

ముందు ఎవరో వెనక నవ్వారు. ఆ తర్వాత నా పక్కన కీచుమని శబ్దం వచ్చింది. వియ్యపురాలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. అది ఆగలేదు. హాలంతా నవ్వింది. మగవాళ్ళ వైపు ఒకడు, అదిగో శవం ఇక్కడే కూర్చుంది అని అరిచాడు. మా మావ లేచి నిలబడ్డాడు, అందరూ ఆయన నటనని మెచ్చుకుంటున్నారనుకుని. అక్కణ్ణుంచి బొమ్మ ఎన్ని పళ్ళు చూపించినా ఒక్కరూ భయపడలేదు. దానికి కూడా సిగ్గేసినట్టు అనిపించింది నాకు, పరాయి పళ్ళు పెట్టుకుని అంతమంది ముందు నిలబడాల్సి వచ్చినందుకు.

ఇంటికి వచ్చాక వియ్యపురాలు ఆ సినిమా గురించి ఒక్క మాట అనలేదు. తను తప్పన్నానని అనుకోదు కదా, గుమస్తా తల్లి. వంటింటి వైపు చూసి కోడల్ని పిలిచి, బుట్ట గుడ్డ విప్పమంది. మా ఆడపడుచు విప్పి, మొదటి చలిమిడి ముద్ద నోట్లో పెట్టుకుని తల్లి వైపు చూసింది. అప్పుడు ఏడ్చింది మా అత్త.

వియ్యపురాలు ఇంకో మెలిక పెట్టింది. పంపుతాను గాని, ఉయ్యాల్లో గుడ్డబొమ్మ మాత్రం వద్దంది, పొత్రం పెట్టుకోండంది. మా అత్త ఒప్పుకుంది. కూతురు చేతిలోకి వచ్చింది, బొమ్మ గురించి గొడవెందుకు?

మా ఆడపడుచుకి ఆడపిల్ల పుట్టింది. పురుడుకి టెక్కలి నుంచి వియ్యపురాలు వచ్చింది. మా వీధి వాళ్ళూ వచ్చారు, భోజనాలున్నాయి కదా. పొత్రం కడిగి, పసుపు రాసి, కొత్త గుడ్డ చుట్టి ఉయ్యాల పక్కన పెట్టాం. మా మావ కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి అందరికీ చేతులు జోడిస్తున్నాడు. వియ్యపురాలు ఆయన్ని కాసేపు చూసింది. లోపలికి వచ్చి ఉయ్యాల చూసింది. పొత్రం చూసింది.

"అన్నయ్యగారి కోటుకి ఇంకో గుండీ తగ్గింది," అంది. "బొమ్మ ఎక్కడ దాచారో తెండి వదినా."

మా అత్త తల వంచుకుంది. మీరే వద్దన్నారు కదా అంది.

"నేను వద్దన్నది పళ్ళున్నదాన్ని."

మా అత్త లేచి ఇనపపెట్టె తెరిచింది. తన పాత చీర ముక్క, కొబ్బరి పీచు, ఒక దారం కన్ను, ఒక ఇత్తడి కన్ను. వియ్యపురాలు దాన్ని చేతిలోకి తీసుకుని, నోరుండాల్సిన చోట వేలితో తడిమి చూసి, ఏమీ లేదని తేల్చుకుని, తనే ఉయ్యాల్లో పెట్టి ఊపింది. ఎదురింటి ముసలామె గుమ్మంలోంచే చూసింది, బూరెలు మాత్రం కొంగులో కట్టుకుపోయింది.

నా మేనకోడలు నడిచాక ఆ బొమ్మ సముద్రంలోకి వెళ్ళింది. మొదటిది ఏమయిందో తెలీదు. మద్రాసులో ఏ చెత్తకుప్పలోనో పళ్ళికిలిస్తూ పడి ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళినవాళ్ళు ఆ తర్వాత ఇంకో సినిమా తీసినట్టు మేం వినలేదు. తియ్యకపోవడమే వాళ్ళు చేసిన మంచి పని.